నీళ్లను కాంటా వేసి కొన్నాను

2017 ఫిబ్రవరిలో ఒక పొద్దున మా షెడ్డులో బ్రికెట్ ప్రెస్సుకు కొబ్బరికాయ కొట్టాం. ఏటూరునాగారం నుంచి మంగపేట పోయే దారికి దగ్గర్లో కౌలుకు తీసుకున్న అరెకరం జాగా అది. రేకుల షెడ్డు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రెస్సు, ఒక హ్యామర్ మిల్లు, బయట షెడ్డు ఎత్తున పేర్చిన పత్తి కట్టె. పత్తి ఏరడం అయిపోయాక రైతులు చేలోనే తగలబెట్టే కట్టెను కొని, పొడి కొట్టి, గట్టిగా ఒత్తి, బాయిలర్లలో బొగ్గుకు బదులు కాల్చే దిమ్మెలుగా అమ్మాలన్నది నా ఆలోచన. కూడబెట్టిన డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి అందులో పెట్టాను.

ప్రెస్సు కాసేపు బాగానే నడిచింది. తొమ్మిది సెంటీమీటర్ల మందం దిమ్మె మెల్లగా బయటికి జరుగుతుంటే అందరం చప్పట్లు కొట్టాం. అంతలోనే దాని మీద అడ్డంగా పగుళ్లు కనిపించాయి. పగుళ్లలోంచి ఆవిరి వచ్చింది. చేతిలోకి తీసుకుంటే తడి అటుకుల ముద్దలా విడిపోయింది. ఇంకో రెండు నిమిషాలకు దిమ్మె బయటికొచ్చే డై మూతిలో టపాకాయ పేలినట్టు చప్పుడై, వేడి పొడి ఎగిరి ఎదురుగా నిలబడ్డ కుర్రాడి చొక్కా మీద పడింది. అతనికి ఏమీ కాలేదు. అది మా అదృష్టమే తప్ప నా జాగ్రత్త కాదు.

మా నాయిన కుర్చీలోంచి లేచి కుప్ప దగ్గరికి పోయాడు. లోపలి నుంచి ఒక కట్టె లాగి, రెండు చేతుల్తో వంచాడు. అది విల్లులా వంగింది గానీ విరగలేదు. గోటితో బెరడు గీకితే కింద పచ్చగా, చెమ్మగా ఉంది. ఆ కట్టెను నా చేతిలో పెట్టి, "మిషన్ మంచిదే బిడ్డా. కట్టెనే తయారు గాలే" అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఇది రాయడానికి ఒక కారణం ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం వరకు పంట వ్యర్థాల పెల్లెట్లు కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చినప్పటి నుంచి మా ప్రాంతం కుర్రవాళ్లు నాకు ఫోన్లు చేస్తున్నారు. "అన్నా, ఏ కంపెనీ మిషన్ కొనాలి?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఎట్లాంటి కట్టె, ఎంత తడి, ఎంత మట్టి, ఎంత ముక్క అని అడిగినవాళ్లు ఒకరిద్దరే. నేనూ అప్పుడు అడగలేదు. అందుకే నా తప్పులు వాళ్ల కోసం వరసగా చెప్తున్నాను.

నిజానికి ఈ చదువు నాకు ఇంట్లోనే దొరకాల్సింది. మా నాయిన కమలాపురం ఫ్యాక్టరీలో చిప్పర్ దగ్గర పనిచేశాడు. ఆంధ్రప్రదేశ్ రేయాన్స్‌గా మొదలై, తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి వచ్చి, మా వైపు 'బిల్ట్' అని పిలిపించుకున్న ఫ్యాక్టరీ అది. కట్టె నుంచి రేయాన్ బట్టకు కావలసిన గుజ్జు తీసేది. 2014లో మూతపడింది. నాయిన అంతకు ముందే రిటైరయ్యాడు. కట్టెను ఇంధనంగానో, రసాయనంగానో, బట్టగానో మార్చడానికి ముందు దాన్ని సిద్ధం చేయడమెట్లాగో మా చుట్టుపక్కల వందల మందికి చేతి మీద తెలుసు. ఆ వందల మందిలో ఒకడు రోజూ రాత్రి నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. నేను ఒక్కసారీ అడగలేదు.

ఆయన చెప్పేది ఎప్పుడూ ముక్క గురించే. జామాయిల్ కట్టెను చిప్పర్ నరికితే ముక్కలన్నీ ఒక్క తీరుగా రావాలి. పొడవు అగ్గిపెట్టెలో సగం, మందం అర సెంటీమీటరుకు అటూ ఇటూ. మందం ఎక్కువైతే ముక్కలు ఉడికించే డైజెస్టర్‌లో పోసే కాస్టిక్ ద్రావణం నడిమి దాకా చేరదు, ముక్క లోపల పచ్చిగా మిగిలిపోతుంది. పొడి ఎక్కువైతే అది అతిగా ఉడికి ద్రావణంలో కరిగిపోతుంది. ఇంట్లో అన్నం వండే అమ్మకు ఈ సంగతి ఒక్క మాటలో తెలుస్తుంది. నూకలూ బియ్యమూ కలిపి ఎసట్లో పోస్తే నూకలు గంజిలో కలిసిపోతాయి, గింజ పలుకు మీద ఉంటుంది. అందుకే జల్లెడలు. పెద్దముక్క వెనక్కి పోయి మళ్లీ తెగాలి, పొడి వేరుగా బాయిలర్‌కు పోవాలి. "జల్లెడ పాడైన పొద్దు షిఫ్టంతా పాడే" అనేవాడు నాయిన. నాకు అది షిఫ్టు కబురులా వినిపించేది.

నా మొదటి తప్పు బ్రికెట్ల కంటే చాలా ముందుది. 2000 సంవత్సరంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా వెదురు నుంచి ఇథనాల్ తీస్తానన్నాను. మా అడవి నిండా వెదురే కదా అన్న ఉత్సాహం.

మా వైపు ఇప్పపువ్వు సంగతి అందరికీ తెలుసు. ఏరి, ఎండబెట్టి, నీళ్లలో నానబెడితే చాలు, దానంతటదే పులుస్తుంది. పువ్వులో చక్కెర తయారుగా ఉంది కాబట్టి ఈస్ట్‌కు పని సులువు. వెదురులోనూ చక్కెరే ఉంది, కానీ గోడ కట్టిన చక్కెర. మా గూడేల్లో తడిక గోడ చూసినవాళ్లకు ఆ గోడ ఇట్టే అర్థమవుతుంది. నిలువు బద్దలు సెల్యులోజ్, ఎండిన కట్టెలో సుమారు 40 నుంచి 45 శాతం. వాటిని పట్టుకుని ఉండే దబ్బల అల్లిక హెమిసెల్యులోజ్, 20 నుంచి 30 శాతం. పైన మెత్తిన మట్టి లిగ్నిన్, 20 నుంచి 25 శాతం. మట్టి రాలాలి, అల్లిక విడిపోవాలి, అప్పుడే లోపలి బద్ద, దాన్ని చక్కెరగా కోసే ఎంజైముకు అందుతుంది. ఈ గోడ విప్పే పనినే ముందస్తు తయారీ అనాలి. కట్టె నుంచి చక్కెర తీసే ఏ ఫ్యాక్టరీకైనా ఇది ఖర్చూ కష్టమూ ఎక్కువైన మెట్లలో ఒకటి.

నేను ఆ మెట్టును రెండు పేరాల్లో ముగించాను. వెదురును కణుపులతో సహా సుత్తితో చితక్కొట్టాను. కొన్ని ముక్కలు వేలంత, కొన్ని పిండిలా వచ్చాయి. పలుచని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో ప్రెజర్ పాత్రలో పెట్టాను. పుస్తకం 160 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు చాలంది. వేడి పెంచితే చక్కెర ఎక్కువొస్తుందనుకుని 190కి పెంచి గంటసేపు ఉంచాను. మూత తీస్తే ముదురు గోధుమరంగు నీళ్లు. బాదం పప్పు మాడినట్టు వాసన. అది ఫర్‌ఫ్యూరాల్. అల్లికలోంచి వచ్చిన చక్కెర వేడికి ఇంకా ముందుకు పోయి ఆ పదార్థంగా మారింది. పిండి ముక్కలు మాడిపోయాయి, వేలంత ముక్కలు లోపల పచ్చిగానే ఉన్నాయి. ఆ నీళ్లలో ఈస్ట్ వేసి రెండు రోజులు చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఫర్‌ఫ్యూరాల్ ఈస్ట్‌కు విషం.

సెలవులకు ఇంటికొస్తే నాయిన ఒక్కటే అడిగాడు. "కణుపులు తీసినవా? ముక్క జల్లించినవా?" నేను మొహం తిప్పుకున్నాను. తర్వాత తెలిసింది, కమలాపురంలో రేయాన్ గుజ్జు కోసం చేసేదీ ఇదే పని అని. కాగితానికైతే హెమిసెల్యులోజ్ గుజ్జులో ఉన్నా ఫరవాలేదు, రేయాన్‌కు ఉండకూడదు. అందుకని చిప్స్‌ను కాస్టిక్‌లో ఉడికించే ముందు ఆవిరి పట్టిస్తారు. ఆ వేడికి కట్టెలోంచే కొంచెం ఎసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్‌లో ఉండే పులుపు, బయటికొస్తుంది. ఆ పులుపే అల్లికను కరిగిస్తుంది. కట్టెను విప్పే మందు కట్టెలోనే ఉంది. ఎంత వేడికి, ఎంతసేపటికి ఆపాలో తెలియడమే పనితనం. మా నాయిన ఆ పనితనం పక్కనే ఇన్నేళ్లు నిలబడ్డాడు. నేనేమో సుత్తి పట్టుకున్నాను.

అసలు తప్పు ఇంకా ఉంది. ప్రాజెక్టు రిపోర్టు చివర నేను రాసిన వాక్యం ఇది: ఇథనాల్ తయారీకి వెదురు అనువైన ముడిసరుకు కాదు. నేను చేసిన తప్పును వెదురు మీద రాశాను. ఆ రిపోర్టుకు మంచి మార్కులే వచ్చాయి, అందుకే ఆ అలవాటు నాలో ఉండిపోయింది.

వెదురు పనికొస్తుందో రాదో చెప్పడానికి ఇప్పుడు నా మాట అక్కర్లేదు. అస్సాంలోని నుమాలీగఢ్‌లో ఏడాదికి 5 లక్షల టన్నుల పచ్చి వెదురు తీసుకుని ఇథనాల్ చేసే ఫ్యాక్టరీని 2025 సెప్టెంబరు 14న ప్రారంభించారు. నా సీసాను పాడుచేసిన ఫర్‌ఫ్యూరాల్, కట్టెలోంచి వచ్చే ఎసిటిక్ ఆసిడ్ అక్కడ వేరు చేసి అమ్మే సరుకులు. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ఫ్యాక్టరీ ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసే లెక్కతో కట్టింది. అక్కడ కూడా గడ్డి మోపులు విప్పడం, తుంచడం, మట్టి దులపడం, ఆ తర్వాతే ఉడికించడం.

బ్రికెట్ల దగ్గరికొస్తాను. పచ్చికట్టె దెబ్బ తిన్న ఆ మొదటి రోజు రాత్రి నేను మిషన్ అమ్మినతన్ని తిట్టుకున్నాను. మర్నాడు డై మార్పించాను. వారం తర్వాత ఇంకో డై. దిమ్మె మళ్లీ పగిలింది.

ప్రెస్సు చేసే పని చాలా సాదా పని. పొడిని విపరీతమైన ఒత్తిడితో డైలోకి తోస్తే రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లిగ్నిన్ మెత్తబడి, చల్లారాక జిగురులా పట్టుకుంటుంది. వేరే జిగురు కలపనక్కర్లేదు. కానీ పొడిలో తడి 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. అంతకు బాగా మించితే ఆ నీరు డైలో ఆవిరై, బయటికి దారి లేక, దిమ్మెను లోపలి నుంచి పగలగొడుతుంది. నేను కొంటున్న కట్టెలో తడి దాదాపు 40 శాతం. ఆ సంగతి నాకు తెలియదు, ఎందుకంటే నేను కొలవలేదు. కాంటా మీద బరువు చూసి డబ్బులిచ్చేవాణ్ని.

లెక్క వేస్తే గుండె జారింది. 40 శాతం తడితో 10 టన్నులు కొంటే అందులో ఎండు సరుకు 6 టన్నులే. 10 శాతం తడితో దిమ్మె చేస్తే చేతికొచ్చేది 6.7 టన్నులు. మిగిలిన 3.3 టన్నులు నీళ్లు. ఆ నీళ్లకు ధర కట్టాను, ట్రాక్టర్ కిరాయి ఇచ్చాను, హమాలీ ఇచ్చాను. ఆ పైన వాటిని ఆవిరి చేయడానికి కిలోకు 600 కిలోకెలోరీలకు పైగా వేడి పెట్టాలి. ఎండు కట్టె కిలోకు 4 వేల కిలోకెలోరీలు ఇస్తే, 40 శాతం తడి కట్టె ఇచ్చేది అందులో సగానికి కొంచెం ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నేను నడిపింది ఇంధనం వ్యాపారం కాదు, గోదావరి పక్కన కూర్చుని నీళ్లు కొనుక్కున్నాను.

తడి సంగతి తెలిశాక కట్టెను ఎండలో పరిచి, తిరగేసి, ఎండబెట్టాను. దిమ్మెలు గట్టిగా వచ్చాయి. ఇక గెలిచాననుకున్నాను. మే నెలలో మొదటి పెద్ద లోడు ఒక ఫ్యాక్టరీ బాయిలర్‌కు పంపాను. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. బాయిలర్ ఆపేశారు, వచ్చి చూసుకో అన్నారు.

బాయిలర్ ఆపరేటర్ గునపంతో కొట్టి తీసిన ఒక గడ్డను నా చేతిలో పెట్టాడు. కొబ్బరి చిప్పంత ఉంది. ఒకవైపు నల్లగా, రంధ్రాలతో, ఇటుక బట్టీలో మాడిన ఇటుకలా ఉంది. విరిచిన వైపు నున్నగా, ముదురాకుపచ్చగా, గాజు ముక్కలా మెరిసింది. క్లింకర్ అంటారు దాన్ని. కింది గ్రేటు సందులన్నీ అదే పూడ్చేసింది. గాలి ఆడక మంట చచ్చిపోయింది. "ఇందులో కట్టె ఎంత, చేను ఎంత సార్?" అని అడిగాడు ఆయన. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు.

పత్తి కట్టెను వేళ్లతో సహా పీకుతారు. వేళ్లు పట్టుకున్న మట్టిని నేను దులిపించలేదు, ఎందుకంటే ఆ మట్టి కూడా కాంటా మీద నా బరువే అనుకున్నాను. హ్యామర్ మిల్లు ఆ మట్టిని కూడా పొడి కొట్టి దిమ్మెలో కలిపింది. మట్టిలో ఇసుక, అంటే సిలికా. పంట కట్టెలో, గడ్డిలో మామూలు చెట్టు కట్టె కంటే పొటాషియం ఎక్కువ. నేలలోంచి, చేలో వేసిన ఎరువులోంచి మొక్క తీసుకున్నదే అది. సిలికా విడిగా చాలా వేడికి గానీ కరగదు. పొటాషియం తోడైతే బాయిలర్ మంటకే కరిగి, చల్లబడే చోట గాజులా గడ్డకడుతుంది. గాజు చేసేవాళ్లు కావాలని చేసే పని నా మట్టి చేసింది. అదే మట్టి నా మిల్లు సుత్తుల్ని, డైని కూడా అరగదీసింది. నాసిరకం డై అని రెండుసార్లు తిట్టుకున్నానే, ఆ డైలను తిన్నది నేను కొన్న మట్టి.

తర్వాత చదివితే ఒక సంగతి తెలిసింది. డెన్మార్క్‌లో గడ్డి కాల్చే విద్యుత్ కేంద్రాలు కోసిన వెంటనే తెచ్చిన పసుపురంగు గడ్డి కంటే, చేలో ఒక వాన తిని బూడిదరంగుకు తిరిగి మళ్లీ ఎండిన గడ్డినే మేలనుకుంటాయి. వాన నీరు పొటాషియాన్నీ క్లోరిన్‌నూ కడిగేస్తుంది. మా మేదరి ఇళ్లలో వెదురును వాగు నీళ్లలో నానేసి ఎందుకు పెడతారో అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లలో పిండిపదార్థం పోతుంది, పురుగు పట్టదు. బుట్ట అల్లే మనిషి కూడా కత్తి పట్టేముందు వెదురును తయారు చేసుకుంటాడు. నేనొక్కణ్నే తయారీ లేకుండా మొదలుపెట్టాను.

మూడో దెబ్బ కుప్ప. ఎండాకాలంలో మిర్చి తోటలు అయిపోయాక మిర్చి కట్టె చవగ్గా వస్తుంటే దొరికినంతా కొని, మధ్యలో గాలి సందు వదలకుండా ఒకే పెద్ద కుప్ప వేశాను. కింద కట్టె పచ్చిది, పైన ఎండుది. జూన్ వానలు మొదలయ్యాయి. పైన టార్పాలిన్ కప్పి నిశ్చింతగా ఉన్నాను. జులైలో ఒక పొద్దున కుప్ప నడినెత్తిన ఆవిరి లేస్తూ కనిపించింది. ఇనుప కడ్డీ లోపలికి గుచ్చి తీస్తే పట్టుకోలేనంత వేడి. విప్పి చూస్తే లోపలి కట్టె తెల్లటి బూజు పట్టి, నలిపితే పొడి అవుతోంది. ఇంకొన్నాళ్లు అట్లాగే ఉంటే మంట లేచేదే.

ఈ బూజు కథ ఇథనాల్ కథలోదే. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు తేమకు బూజు పట్టి చీకిపోయాయి. ఆ చీకుడుకు కారణమైన బూజును వెతికి పట్టుకున్నారు. తర్వాత ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త పేరు కలిపి దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. సెల్యులోజ్‌ను చక్కెరగా కోసే ఎంజైములను నేటికీ ప్రధానంగా దాని నుంచే తీస్తున్నారు. కాలేజీలో నేను పొడి రూపంలో డబ్బా తెప్పించుకున్న ఎంజైము పనినే నా కుప్పలో ఏదో బూజు ఊరకే చేసిపెట్టింది. తేడా ఒక్కటే, ఆ చక్కెరంతా అదే తినేసింది. నేను డబ్బు పెట్టి కొన్న సరుకు గాలిలో కలిసిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నింటికంటే కష్టమైన మాట.

ఈ నష్టాలన్నీ మీద పడ్డాక నేను తరుగు తీయడం మొదలుపెట్టాను. వడ్ల కొనుగోలు దగ్గర తరుగు అంటే రైతు ఇంట్లో ఎట్లాంటి మాటో మనకందరికీ తెలుసు. కాంటా మీద ట్రాలీ నిలబడగానే కట్టెను కంటితో చూసి, క్వింటాలుకు 20 కిలోలు, ఒకరోజు 25, చిరాగ్గా ఉన్న రోజు 30 కొట్టేసేవాణ్ని. తడి ఉంది, మట్టి ఉంది అనేవాణ్ని. అది అబద్ధం కాదు, తడీ మట్టీ ఉండేవి. కానీ ఎంత ఉందో నాకు తెలియదు. పీకిన కట్టెను ఇన్ని రోజులు చేలో ఆరనివ్వండని, వేళ్లు దులిపి తెండని నేను ఎవరికీ ముందు చెప్పలేదు. పైగా పీకిన రోజే తెమ్మని తొందరపెట్టింది నేనే. మిషన్ ఖాళీగా ఉండకూడదని.

ఒకరోజు ఏటూరునాగారం అవతలి ఊరి నుంచి ఒక అక్క రెండోసారి కట్టె తెచ్చింది. నేను 30 కొట్టాను. ఆమె గొడవ పడలేదు. ట్రాలీ మీది నుంచి దిగి నా బల్ల దగ్గరికొచ్చింది.

"తమ్మీ, పోయిన వారం ఇదే చేను కట్టెకు ఇరవై తీసినవ్. వారం ఎండినంక ఇయ్యాల ముప్పై తీస్తున్నవ్. ఏ కొలత మీద తీస్తున్నవో నాకు ఒక్కపారి చూపెట్టు."

నా దగ్గర చూపెట్టడానికి ఏమీ లేదు. ఏదో సర్దిచెప్పి డబ్బులిచ్చి పంపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదిహేడేళ్ల కిందట వెదురు మీద రాసిన వాక్యాన్నే ఇప్పుడు మనుషుల మీద రాస్తున్నానని నాకప్పుడు తెలిసింది. పనిలో నేను వదిలేసిన మెట్టుకు ఖరీదు ఎవరో ఒకరు కట్టాల్సిందే. మొదట వెదురు కట్టింది, తర్వాత మిషన్ అమ్మినతను తిట్ల రూపంలో కట్టాడు, ఇప్పుడు ఆ అక్క కడుతోంది.

తెల్లారి నాయినను అడిగాను. ఆయన్ను ఒక పని సంగతి నేను అడగడం అదే మొదటిసారి. ఆయన పెద్దగా ఏమీ చెప్పలేదు. "కొలువు. నువ్వొక్కనివే కాదు, తెచ్చినోడు కూడా సూస్తుండంగ కొలువు" అన్నాడు.

2018లో ఒక సీజన్ మొత్తం ప్రెస్సు ఆపేశాను. అప్పు వాయిదాలకు ఇంట్లో ఉన్న బంగారం పెట్టాను. ఆ ఏడాది ఒక చిన్న ఓవెన్, గ్రాముల తూనిక కొన్నాను. పద్ధతి చాలా సులువు. కుప్పలో పైన, నడుమ, కింద నుంచి కట్టె తీసి తుంచి కలిపి 100 గ్రాములు తూస్తాం. 105 డిగ్రీల వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచుతాం. 72 గ్రాములు మిగిలితే తడి 28 శాతం. ఆ తర్వాత అదే ముక్కను నీళ్లలో జాడించి, అడుగున చేరిన మట్టిని ఎండబెట్టి తూస్తే మట్టి ఎంతో తెలుస్తుంది. ధర టన్నుకు కాదు, ఎండు టన్నుకు కట్టడం మొదలుపెట్టాను. దానితో రైతుకు కూడా లెక్క తేలికైంది. ఆరిన కట్టెకు ట్రాక్టర్ ట్రిప్పులు తగ్గుతాయి, చేతికొచ్చే డబ్బు తగ్గదు.

మిగిలిన మార్పులు ఊరూరా తిరిగి మాట్లాడుకుని చేసుకున్నవి. పీకిన పత్తి కట్టెను వేళ్లు పైకి వచ్చేట్టు గూళ్లుగా నిలబెట్టి మూడు నాలుగు వారాలు చేలోనే ఆరనిస్తున్నారు. మట్టి ఎండి దానంతటదే సగం రాలుతుంది. మిగతాది కట్టెను నేలకు కొట్టి దులుపుతారు. మిర్చి కట్టెలో డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు చుట్టుకుని వస్తాయి. ఆ ప్లాస్టిక్‌ను చేలోనే తీసేస్తే కూలీ వేరుగా ఇస్తాను. షెడ్డులో ముక్కలు తిరుగుడు జల్లెడ మీదికి పోతాయి, ఇనుము పట్టడానికి అయస్కాంతం ఉంది. కుప్పలు చిన్నవి, నడుమ మనిషి నడిచేంత సందు, కింద రాళ్ల మీద కర్రలు. ఇవన్నీ అయ్యాకే ప్రెస్సు. ఇప్పుడు నా రోజు పనిలో ఎక్కువ భాగం ప్రెస్సుకు ముందే అయిపోతుంది. నాయిన అన్న 'తయారు' ఇదే.

తయారీలో ఏది తీసుకోకూడదో తేల్చుకోవడం కూడా ఉందని తర్వాత తెలిసింది. 2024 ఆగస్టు 31న సుడిగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్కపూటలో సుమారు 50 వేల చెట్లు కూలాయి. వారం తిరక్కుండానే నాకు ఫోన్లు. అంత సరుకు పడి ఉంది, అడిగి చూడన్నా అని. అది ఏటూరునాగారం అభయారణ్యం. అక్కడ పడిన చెట్టు కూడా అడవిదే. చెదలకు, బూజుకు, మొలకకు అది తిండి. నా షెడ్డుకు అది ముడిసరుకు కాదు. చేలో కూడా అంతే, నేల బలం తగ్గిందన్న రైతును ఆ ఏడు కట్టె తుంచి దుక్కిలో కలుపుకొమ్మంటున్నాను.

ఒక్క పని మిగిలింది. 2019 జనవరిలో పాత నోటుబుక్కు తీసి, కంటిచూపుతో తరుగు కొట్టిన లోడులన్నీ గుర్తుపెట్టాను. పదకొండు మంది. ఓవెన్ కొన్నాక అవే నెలల కట్టెకు వచ్చిన సగటు తడి తీసి, నేను కొట్టిన దానికీ దానికీ తేడా కట్టాను. కొందరికి నేనే ఇవ్వాల్సి వచ్చింది, కొందరికి నా లెక్క సరిపోయింది. సరిపోయినవాళ్ల దగ్గరికి కూడా పోయి కాగితం చూపించాను. ఒక ఇంట్లో పెద్దాయన చనిపోయాడు, కొడుకు చేతిలో పెట్టి వచ్చాను.

ఆ అక్క డబ్బు తీసుకుంది. ఎంచుకుని కొంగున ముడేసుకుంది. "మంచిగ జేసినవ్ గని, ఆ పెట్టె యాడుంటది?" అని అడిగింది. లోపల ఆఫీసు గదిలో ఉందన్నాను. "లోపలుంటే మాకెట్ల కనపడ్తది?" అంది.

ఓవెన్, తూనిక ఇప్పుడు షెడ్డు వసారాలో ఉన్నాయి, కాంటా పక్కనే, నిలబడ్డ మనిషికి అంకెలు కనిపించే ఎత్తులో. పొద్దున ట్రాలీ తెచ్చినవాళ్ల ముక్కను ఆ రోజే పేరు రాసి పెట్టెలో పెడతాం. మర్నాడు వాళ్లొచ్చాకే తలుపు తీస్తాం. ఆ మార్చిలో అక్క తెచ్చిన కట్టె ముక్కను నేనే పళ్లెంలోంచి తూనిక మీద పెట్టాను. అంకె ఆగేదాకా ఇద్దరం చూశాం. ఎనభై ఎనిమిది, అని ఆమె పైకి చదివింది. నేను రాసుకున్నాను.